మెట్ల మలుపులో వైఫై

సార్ ఫోన్ చేసేసరికి నేను ఆఫీసులో టిఫిన్ బాక్సు మూత తీస్తున్నాను.

"ఏమ్మా, తీరిగ్గా ఉన్నావా? నీ లాప్‌టాప్ మొరాయించింది," అన్నారు.

ఆ లాప్‌టాప్ ఆయనకిచ్చేసి పదమూడేళ్లయింది. అయినా ఆయనకది ఇప్పటికీ నాదే. ఏటా ఉగాదికి నేను ఫోన్ చేసినప్పుడు కూడా, ఆరోగ్యం సంగతి, పిల్లల సంగతి అయ్యాక "నీ లాప్‌టాప్ బాగానే ఉంది" అని ఒక మాట చెప్పేవారు. అది విన్నప్పుడల్లా నాకు లోపల ఎక్కడో కాస్త ఇబ్బందిగా ఉండేది. ఎందుకో తర్వాత చెబుతాను.

సార్ అంటే దిల్‌సుఖ్‌నగర్‌లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డారు. ఇంటి ముందు గదిలో ఇన్‌స్టిట్యూట్, వెనక గదుల్లో కాపురం, మేడ మీద ఒకే ఒక్క గది. డిగ్రీ అయ్యాక నల్గొండ పక్క ఊరి నుంచి నేను కంప్యూటర్ కోర్సు కోసం వస్తే, అప్పటికే ఇక్కడ దవాఖానలో నర్సుగా చేస్తున్న మా అక్క ఆ గది చూసింది. ఇద్దరం మూడేళ్లు అందులో కిరాయికున్నాం. టైపు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆడపిల్లకు రెండు చేతులూ ఆడితే ఎక్కడైనా బతుకుతుందని మా అమ్మ పట్టు.

"ఏమైంది సార్?" అన్నాను.

"నెట్ రావడం లేదు. ఇంట్లో అందరి ఫోన్లకీ వస్తోంది. దీనికే రావడం లేదు. నాలా పూడిక తీయమని మున్సిపాలిటీకి ఉత్తరం టైపు చేసి పెట్టుకున్నా. మొన్న వానకి మన వీధంతా మోకాలి లోతు నీళ్లు. కోడలు తన దాంట్లోంచి పంపిస్తానంది. కానీ కాలనీ తరఫున రాసేది నేను కదమ్మా. నా ఉత్తరం నా దగ్గర్నుంచి పోవద్దూ?"

"కుడి పక్క కింద మూలకు సిగ్నల్ గుర్తు ఉంటది సూడండి సార్. దాని మీద ఏమన్న ఉందా?"

"ఎర్రగా ఇంటూ గుర్తుంది."

"అయితే ముందటి అంచుకు చిన్న స్విచ్ ఉంటది, అటిటు జరిగేది. దాన్ని జర కుడి దిక్కు జరపండి."

అటునుంచి ఏదో డబ్బా తెరిచి మూసిన చప్పుడైంది. కళ్లజోడు మార్చుకుంటున్నారని అర్థమైంది.

"జరిపాను. లైటు నారింజ రంగు పోయి నీలం వచ్చింది. దీన్ని ఎవరు కట్టేశారమ్మా?"

"మీరే అయ్యుంటరు సార్. గుడ్డతోని తుడిచేటప్పుడు జరిగుంటది."

"తుడవడం నిజమే," అని నవ్వారు. "ఆఁ, పేర్లొచ్చాయి. పక్కింటి డాక్టరు గారిది ఉంది. ఎదురింటి వాళ్లది ఉంది. హాస్టల్ వాళ్లవి మూడున్నాయి. మనది లేదు."

పక్కవాళ్లవన్నీ కనిపించి సొంత ఇంటిది కనిపించకపోవడమేమిటో ఫోన్‌లో తేలే వ్యవహారం కాదనిపించింది. "శనివారం నేనే ఒస్త సార్" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ తప్ప ఆ ఇంటికి నేను వెళ్లింది లేదు.

మేం ఇప్పుడు ఉండేది అల్మాస్‌గూడలో. శనివారం పొద్దున షేర్ ఆటోలో ఎల్బీనగర్ చేరి మెట్రో ఎక్కాను. నాలుగో స్టేషనే దిల్‌సుఖ్‌నగర్. నేను అక్కడ ఉన్న రోజుల్లో ఈ పట్టాలు లేవు. స్తంభాల కోసం తవ్వకాల మాట కూడా ఇంకా వినపడలేదు. కోచింగ్ సెంటర్ల బోర్డులు మేడల నెత్తిన ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండేవి. పొద్దున ఆరింటికే చంకలో ఫైళ్లు పెట్టుకుని, తల తుడుచుకోకుండానే పరుగెత్తే హాస్టల్ పిల్లలు, ఇడ్లీ బండి దగ్గర నిలబడే తినేసి చట్నీ చేతుల్తోనే జిరాక్స్ షాపుకి పోయేవాళ్లు. ఆ గుంపులో నేనూ ఒకదాన్ని. మెట్రో మెట్లు దిగుతుంటే అదే వయసు అమ్మాయిలు నన్ను దాటుకుంటూ పోయారు. ఒకమ్మాయి లాప్‌టాప్ సంచిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ముందు వైపు వేసుకుంది. నేనూ అట్లాగే వేసుకునేదాన్ని.

మా నాన్న నా లాప్‌టాప్‌ను సికింద్రాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొనిచ్చాడు. అప్పటికే ఎవరో రెండేళ్లు వాడింది. మూత మీద స్టిక్కర్ పీకేసిన జిగురు మరక ఉండేది. బరువు కూడా ఎక్కువే. మా అక్క దాన్ని రోలు అనేది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే లోకంలో నాకూ ఒక కుర్చీ దొరికినట్టుండేది.

నెట్ మాత్రం సార్ వాళ్లది. చదువుకునే కొడుకు కోసం వాళ్లు ఇంట్లో పెట్టించుకున్నారు. ఒకరోజు సారే పిలిచి, "సిగ్నల్ పైకి వస్తే వాడుకోమ్మా" అని పాస్‌వర్డ్ చెప్పారు. టైపు మొదటి పాఠమే పాస్‌వర్డ్. ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. కీబోర్డు చూడకుండా కొట్టగలిగితేనే వాడుకునే హక్కని నవ్వారు. కానీ పై గదిలోకి సిగ్నల్ వచ్చేది కాదు. గదికి వెళ్లే దారి బయటనుంచి ఇనప మెట్లు. ఇంటి లోపలి నుంచి కూడా మేడ మీదికి సిమెంటు మెట్లుండేవి, బట్టలు ఆరేయడానికి సార్ భార్య, ఆంటీ వాడుకునేవి. మేడ మీది తలుపు తీసి ఆ లోపలి మెట్లు ఆరు దిగితే ఒక మలుపు. సరిగ్గా అక్కడ మూడు గీతలు వచ్చేవి. ఒక మెట్టు పైకెక్కితే రెండు. ఇంకో మెట్టు ఎక్కితే ఏమీ లేదు.

మూడేళ్లలో నేను చదివిందంతా ఆ మలుపులోనే. కింద ముందు గది నుంచి టైపు మిషన్ల చప్పుడు వచ్చేది. అప్పటికే చేరేవాళ్లు తగ్గిపోయారు; పద్నాలుగు మిషన్లలో నాలుగో ఐదో మోగేవి, మిగతావి ప్లాస్టిక్ కవర్ల కింద ఉండేవి. మధ్యాహ్నం వంటింట్లోంచి పోపు వాసన మెట్ల మీదుగా పైకెక్కేది. గోడకు ఆనుకుంటే సున్నం వీపుకంటుకునేది. ఉద్యోగాలకు దరఖాస్తులు, ఇంటర్వ్యూ ప్రశ్నలు, చెవుల్లో తీగ పెట్టుకుని నాలో నేనే ఇంగ్లిషు మాట్లాడుకోవడం, అన్నీ అక్కడే. సాయంత్రాలు సార్ ఇన్‌స్టిట్యూట్ మూసి పైకొస్తూ, "ఎంతవరకొచ్చింది?" అని ఆగేవారు. నేను లేచి దారివ్వబోతే కూర్చోమని చెయ్యి ఊపి, నా పక్కనుంచే వెళ్లి మల్లె కుండీకి నీళ్లు పోసి వచ్చేవారు.

ఇక ఆ ఇబ్బంది సంగతి.

పెద్ద కంపెనీ ఒకటి ఆన్‌లైన్ పరీక్షకు పిలిచింది. వారం రోజుల టైముంది. ఒక పొద్దున ఎప్పట్లాగే మలుపులో కూర్చుని లాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. తప్పన్నది. కీబోర్డు చూస్తూ ఒక్కొక్క అక్షరమే కొట్టాను. మళ్లీ తప్పే. దానికి రెండు రోజుల ముందే వంటింట్లో ఆంటీ సార్‌తో అన్న మాట నా చెవిన పడింది. "రోజంతా ఆ మెట్ల మీదేనండీ ఆ పిల్ల. దాటుకుని పోలేక చస్తున్నాను." ఆ మాటనూ ఈ తప్పునూ కలిపి చూసుకున్నాను. నాకింక అనుమానం లేకపోయింది.

పైకొచ్చి అక్కతో చెప్పాను. "వాళ్లు పాస్‌వర్డ్ మార్చిండ్రు. మనకు బంద్ జేసిండ్రు."

అక్క జడ అల్లుకుంటూ, "అడగరాదే పోయి," అంది.

"నేనెందుకు అడుగుత? ఊకెనే ఇచ్చిండ్రు, ఊకెనే తీసుకున్నరు. వాళ్లిష్టం."

అడగలేదు. ఆ వారమంతా మెయిన్ రోడ్డు మీద నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. పరీక్ష కూడా అక్కడే రాశాను. పక్క క్యాబిన్‌లో ఎవరో కారు పందెం ఆట ఆడుతుంటే ఆ బ్రేకుల కీచుల మధ్య రాశాను. పాసయ్యాను. ఉద్యోగమొచ్చింది, కంపెనీ కొత్త లాప్‌టాప్ ఇచ్చింది. రెండు నెలలకు ఎల్బీనగర్‌లో ఇల్లు చూసుకుని ఖాళీ చేశాం. ఆ రెండు నెలల్లో మేడ మీది ఆ తలుపు నేను ఒక్కసారి కూడా తియ్యలేదు. ఇనప మెట్ల మీదే ఎక్కాను, దిగాను.

వెళ్లేరోజు పాత లాప్‌టాప్ తీసుకెళ్లి సార్ బల్ల మీద పెట్టాను. "మీ నెట్‌తోనే చదువుకున్న సార్. ఇది మీరే ఉంచుకోండి," అన్నాను. మాట మర్యాదగానే ఉంది. లోపల మాత్రం వేరు. మీకూ నాకూ ఇక చెల్లు అన్నట్టే ఇచ్చాను. ఆయనేమో దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆంటీ నాకు బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇచ్చింది. నేను ముఖం బిగించుకునే నిలబడ్డాను. అందుకే ఆయన "నీ లాప్‌టాప్" అన్నప్పుడల్లా నాకు అట్లా అనిపించేది.

శనివారం తలుపు తీసింది ఆంటీ. జుట్టు మొత్తం తెల్లబడింది. "రామ్మా, రా. చిక్కిపోయావేంటి?" అంది. నేను అప్పటికన్నా రెండింతలున్నాను.

ఇన్‌స్టిట్యూట్ గది ఇప్పుడు కోడలి ఆఫీసు. ఇంటినుంచే పని చేస్తుంది. సార్ బల్ల హాల్లో కిటికీ దగ్గరికి మారింది. దాని మీద నా లాప్‌టాప్, కింద ఉతికిన గుడ్డ పరిచి. కీబోర్డు మీద ఎ, ఎస్, ఇ అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి. ఆయనకవి అవసరం లేదు గదా.

ముందుగా పేర్ల జాబితా చూశాను. ఇంటిది నిజంగానే లేదు. కోడలిని పిలిచి అడిగాను, నెట్ పెట్టె ఏమన్నా మార్చారా అని.

"పది రోజులైంది అక్కా. నా కాల్స్ కట్ అవుతున్నయని కనెక్షన్ అతన్ని పిలిచినం. కొత్త పెట్టె పెట్టి, ఏదో సెట్టింగ్ చేసిపోయిండు. ఇప్పుడు మస్తు స్పీడుంది." ఆమెది వరంగల్ వైపు.

సంగతి తేలిపోయింది. ఇప్పటి పెట్టెలు రెండు రకాల సిగ్నల్ ఇస్తాయి, పాతదీ కొత్తదీ. కొత్తది వేగంగా పోతుంది, కానీ ఈ వయసు లాప్‌టాప్‌కు అది కనిపించదు. అతను వేగం కోసం పాతదాన్ని ఆపేసి ఉంటాడు. ఇంట్లో ఫోన్లన్నీ కొత్తవి కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. కోడలి ఫోన్‌లోంచి పెట్టె సెట్టింగుల్లోకి వెళ్లబోతే వేరే పాస్‌వర్డ్ అడిగింది. పెట్టె తిరగేసి స్టిక్కర్ మీదున్నది కొట్టాను. ఒప్పుకోలేదు.

"అతను మార్చి పెట్టాడమ్మా. నేను చెప్పించుకుని రాసుంచాను," అని సార్ బీరువాలోంచి ఒక ఫైలు తెచ్చారు. పైన అట్ట మీద 'ఇంటర్నెట్' అని ఉంది. లోపల చీటీలు వరసగా, గుచ్చి ఉన్నాయి. అన్నీ టైపు మిషన్ మీద కొట్టినవే. మిషన్లన్నీ అమ్మేసినా ఒకటి ఉంచుకున్నారట. కావలసిన చీటీ అన్నిటికన్నా పైనే ఉంది. చదివి కొట్టాను, లోపలికి పోయాను. పాత సిగ్నల్ ఆపేసే ఉంది. ఆన్ చేశాను. పెట్టె మళ్లీ మొదలవడానికి రెండు నిమిషాలు పడుతుందంది.

ఆ రెండు నిమిషాలు ఊరికే కూర్చోలేక ఫైలు తిరగేశాను. పెట్టె మారినప్పుడల్లా ఒక చీటీ, తేదీతో సహా. పాస్‌వర్డ్ మాత్రం మారినప్పుడల్లా ఒక పాఠం ముందుకు జరిగింది. ఇప్పటిది అంకెల వరస. వెనక్కి వెనక్కి వెళ్తే అడుగున మొదటి పాఠం. దాని మీదిది రెండో పాఠం, కార్బన్ కాపీ, అక్షరాలు నీలంగా అలుక్కుపోయి ఉన్నాయి. తేదీ చూశాను. నా పరీక్ష వారమది. చీటీ ఇంగ్లిషులో, ఆఫీసు ఉత్తరంలా ఉంది. ఉరుముల వానకు పాత పెట్టె కాలిపోయినందున కొత్త పెట్టె అమర్చడమైనది, కొత్త పాస్‌వర్డ్ ఈ కింది విధంగా ఉంటుంది. అడుగున ప్రతులు ఎవరెవరికో రాసి ఉంది. ఒకటి, పై గదికి, మెట్ల మలుపు దగ్గర అతికించబడినది. రెండు, ఫైలుకు.

రెండుసార్లు చదివాను.

"సార్, గీ చీటీ..."

ఆయన వంగి చూశారు. "ఓ, అదా. నీకోసమే. ఆ సాయంత్రమే నువ్వు కూర్చునే చోట, కళ్లకెదురుగా గోడకి అంటించాను. తర్వాత వెల్ల వేయించినప్పుడు పోయిందనుకుంటా."

"నేను సూడలే సార్."

"చూడలేదా?"

"ఆ పొద్దున పాస్‌వర్డ్ తప్పని ఒచ్చింది. పైకి పోయిన. మళ్ల ఆ మెట్ల దిక్కే రాలే." ఇంకో మాట కూడా అనకపోతే అబద్ధమాడినట్టవుతుందనిపించింది. "మీరు నాకు బంద్ చేసిండ్రనుకున్న."

సార్ కళ్లజోడు తీశారు. "మరి ఆ వారం పరీక్ష?"

"నెట్ సెంటర్‌ల రాసిన."

"అయ్యో తల్లీ." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "నువ్వు మెట్ల మీద కనిపించకపోతే, కొత్త పెట్టె కదా, సిగ్నల్ నీ గదిదాకా వస్తోందనుకున్నాను. పిల్ల ఇప్పుడు హాయిగా మంచం మీద కూర్చుని చదువుకుంటోందని మీ ఆంటీతో కూడా అన్నాను."

ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "తలుపు కొట్టి ఒక్క మాట చెప్పండీ అన్నాను నేను ఆరోజే. వింటేగా. పెళ్లికావాల్సిన పిల్లలుండే గది, నేనెళ్లి తలుపు కొడితే బావుండదన్నారు. చీటీ కొడతానన్నారు."

"మీరు కూడ ఒక మాట అన్నరు ఆంటీ," అన్నాను. ఇన్నేళ్ల తర్వాత నోరు ఎట్లా వచ్చిందో తెలియదు. "రోజంతా మెట్ల మీదే ఉంటదని. నాకు ఇనబడ్డది."

నేను అనుకున్నట్టు ఆమె కంగారుపడలేదు. కాస్త ఆలోచించింది. "అనే ఉంటాను. తడిబట్టల బక్కెట్ పట్టుకుని నిన్ను దాటాలంటే మాటలా? మోకాళ్లు అప్పుడే మొదలయ్యాయి నాకు." తర్వాత దగ్గరికొచ్చి నా భుజమ్మీద చెయ్యి వేసింది. "అన్నంతమాత్రాన నెట్ తీసేస్తామటే? పిచ్చిదానా, వచ్చి అడక్కూడదూ?"

అడగమని అక్క కూడా చెప్పింది. నేనే వినలేదు. అడిగితే లేదంటారేమోనని భయం. లేదన్నాక కూడా అదే ఇంట్లో ఉండాలి గదా అని ఇంకో భయం. అప్పుడు దానికి ఆత్మగౌరవమని పేరు పెట్టుకున్నాను. ఇవన్నీ వాళ్లకు చెప్పలేదు. "తప్పు నాదే సార్" అని మాత్రం అన్నాను. సార్ లాప్‌టాప్ వైపు చూపించి, "మన పేరొచ్చింది, చూడు" అన్నారు.

నిజంగానే వచ్చింది. కానీ లాప్‌టాప్ ఆ పేరు కింద పాత పాస్‌వర్డ్‌నే లోపల దాచుకుని ఉంది కాబట్టి దాన్ని తీసేసి మళ్లీ కలపాలి. అది దాచుకున్న పేర్ల జాబితా తెరిస్తే, ఇంతకాలం ఇది కలిసిన చోట్లన్నీ అందులో ఉన్నాయి. అక్క పనిచేసిన దవాఖాన క్యాంటీన్, అక్క కోసం ఎదురుచూస్తూ నేను టీ తాగిన చోటు. మలక్‌పేటలో వారం రోజులు వెళ్లి మానేసిన కోచింగ్. మొదటిసారి ఇంటర్వ్యూకి పోయిన ఆఫీసు. పదమూడేళ్లుగా ఎవరూ చూడకపోయినా అది ఏదీ మర్చిపోలేదు. ఒక్క పేరు మాత్రం తీసేసి మిగతావి ఉంచాను.

"పాస్‌వర్డ్ మీరు కొట్టండి సార్," అని లేచాను.

ఆయన కూర్చుని, వీపు నిటారుగా పెట్టి, మణికట్లు లేపి, కిటికీ బయటికి చూస్తూ కొట్టారు. కలిసింది. కానీ మెయిల్ తెరవబోతే ఇది భద్రమైన చోటు కాదని అడ్డం పడింది. రెండు మూడు సార్లు ప్రయత్నించాక మూలన గడియారం మీద నా కన్ను పడింది. తేదీ జనవరి ఒకటి, అది తయారైన ఏడాది. నేనింకా డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్న కాలం. లోపల గడియారం నడిపే చిన్న బ్యాటరీ అయిపోయింది, అంతే. తేదీ తప్పైతే అది ఏ సైటునూ నమ్మదు. తేదీ సరిచేయగానే మెయిల్ చాలాసేపు తిరిగి తిరిగి తెరుచుకుంది. కరెంటు పూర్తిగా తీసేస్తే మళ్లీ వెనక్కి పోతుందనీ, ఆ బ్యాటరీ మార్పించాలనీ చెప్పాను. ఆయన వెంటనే చీటీ మీద రాసుకున్నారు.

నాలా ఉత్తరం వెళ్లింది. ఆంటీ గోంగూర పచ్చడీ ముద్దపప్పూ వేసి అన్నం పెట్టింది. తిన్నాక లోపలి మెట్ల వైపు చూశాను. ఎక్కనా వద్దా అని ఆలోచించి, ఎక్కాను. మలుపులో ఇప్పుడు లేత పచ్చ రంగు, చెప్పుల స్టాండు. కాసేపు ఆ మెట్టు మీద కూర్చున్నాను. కింద నుంచి టైపు చప్పుడేమీ లేదు, కోడలు ఎవరితోనో మీటింగులో నవ్వుతోంది.

ఆ తర్వాత ఆ లాప్‌టాప్ ఇంకో రెండు వానాకాలాలు పనిచేసింది. నాలా పని సగం జరిగింది; మిగతా సగానికి ఆయన ఇంకో రెండు ఉత్తరాలు పంపారు. నేను రెండు నెలలకోసారైనా వెళ్లడం మొదలుపెట్టాను. చివరికి ఒకరోజు తెర మొత్తం నల్లబడి ఇక లేవలేదు. కొత్తది కొనడానికి సార్‌ను నేనే చైతన్యపురిలో ఒక షాపుకు తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి స్పీడు, మెమరీ అని చెబుతుంటే ఆయన వినలేదు. ఒక్కొక్క దాని ముందూ నిలబడి, కళ్లు మూసుకుని, పది వేళ్లతో నాలుగు లైన్లు కొట్టి చూశారు.

"ఇది మెత్తగా ఉందమ్మా. వేలు దిగినట్టే తెలియడం లేదు," అన్నారు మొదటిదానికి.

"ఇది చప్పుడు లేదు," రెండోదానికి.

షాపులో ఉన్నవాళ్లు ఒక్కరొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఐదోది కొడుతూ ఆయన ముఖం విప్పారింది. ఆపకుండా పేజీ నిండా కొట్టారు. ఆ అమ్మాయి తెర మీదికి వంగి, "ఒక్క తప్పు కూడా లేదు అంకుల్!" అంది.